ఏ యాప్ మంచిగుంటదన్నా?

పోయిన నెల ఒక గురువారం సాయంత్రం ఆఫీసు కింద కఫెటేరియాలో కరక్ చాయ్ తాగుతున్నాం. మా టీమ్‌లో కొత్తగా చేరిన జగిత్యాల కుర్రాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, టైంపాస్‌కు కాదు. సీరియస్‌గ. పెండ్లి దాంక పోయేటట్టు. ఏ యాప్ మంచిగుంటదన్నా?"

నేను ఈ యాపుల్లో మూడేళ్ళు తిరిగినవాణ్ణని వాడికి ఎవరో చెప్పుంటారు. చాయ్ చల్లారేలోపు చెప్పగలిగే జవాబు కాదది. "రాసి పంపిస్తాలే" అన్నాను. రాయడం మొదలుపెడితే ఇంతయింది. వాడిలాంటివాళ్ళు ఇంకొందరు ఉంటారు కదా అని ఇక్కడే పెడుతున్నాను.

ముందు ఈ ఊరి సంగతి చెప్పాలి. బహ్రెయిన్‌ని దేశం అనుకోకండి, మా కడప జిల్లాలో ఒక మూలకు సరిపోతుంది. మొత్తం కలిపినా 800 చదరపు కిలోమీటర్లు లేదు. జనాభా 15 లక్షల పైచిలుకు, అందులో సగానికి మించి మనలాగా బయటినుంచి వచ్చినవాళ్ళే. భారతీయుల్లో ఎటు చూసినా మలయాళీలు. తెలుగువాళ్ళమూ ఉన్నాం. క్యాంపుల్లో ఉండే రాజంపేట, రాయచోటి, జగిత్యాల, నిజామాబాద్ మనుషులు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, నర్సులు, ఆ తరవాత లాప్‌టాప్ సంచులు తగిలించుకున్న మాలాంటివాళ్ళు. వీళ్ళలో యాప్‌లో కనిపించేది ఏ కొద్దిమందో.

యాప్ తెరవగానే అడుగుతుంది, ఎంత దూరం లోపల వెతకాలని. నేను మనామాలో కూర్చుని 50 కిలోమీటర్లు పెట్టాను. దాదాపు దేశమంతా వచ్చేసింది. అంతటితో ఆగకుండా సముద్రం దాటి సౌదీలోని ఖోబర్ కూడా వచ్చింది. యాప్ దూరాన్ని కాకి ఎగిరినట్టు కొలుస్తుంది. దానికి సముద్రం తెలీదు, ఇమ్మిగ్రేషన్ కౌంటర్ తెలీదు. "మీకు 40 కి.మీ. దూరంలో" అని చూపించిన అమ్మాయిని కలవాలంటే 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ కాజ్‌వే ఎక్కాలి, అంతకుముందు చేతిలో వీసా ఉండాలి. దూరం 150 చేస్తే దోహా కూడా కనిపిస్తుంది, అది ఇంకో దేశం.

గురువారం రాత్రి ఇంకో తమాషా జరుగుతుంది. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవులు. సౌదీ నుంచి వారాంతానికి వచ్చేవాళ్ళతో వంతెన మీద కార్లు బారులు తీరతాయి. యాప్‌లో ఒక్కసారిగా కొత్త మొహాలు. శనివారం రాత్రికి ఎక్కడివాళ్ళక్కడ. అందుకని నేను పెట్టుకున్న మొదటి వడపోత ఇదే: ఈ మనిషి ఆదివారం కూడా ఇక్కడే ఉంటుందా?

* * *

ఇంతకీ ఏ యాప్? మనవాళ్ళకు తెలిసిన జాతులు రెండు. ఒకటి పెళ్ళిసంబంధాల సైట్లు, రెండోది డేటింగ్ యాపులు.

మొదటిదానికి మూలపురుషుడు మన పెళ్ళిళ్ళ పేరయ్యే. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మురుగవేల్ జానకిరామన్ 1997లో తమిళుల కోసం ఒక వెబ్‌సైట్ పెట్టి, అందులో పెళ్ళి ప్రకటనలకు చోటిచ్చాడు. జనం మిగతావన్నీ వదిలేసి దానికోసమే రావడం చూసి, దాన్నే వ్యాపారం చేశాడు. అదే భారత్ మ్యాట్రిమొనీ. తెలుగు మ్యాట్రిమొనీ అందులో భాగం. ఆయనకు భార్య దొరికింది కూడా ఆ సైట్‌లోనే.

రెండో జాతి 1995లో మ్యాచ్ డాట్ కామ్‌తో మొదలైంది. 2012లో టిండర్ వచ్చి, ఇష్టమైతే ఫొటోను కుడికి తొయ్యి, లేకపోతే ఎడమకు తొయ్యి అంది. 2014లో వచ్చిన బంబుల్ మొదటి మాట ఆడవాళ్ళే కలపాలని నియమం పెట్టింది, పదేళ్ళ తరవాత కొంచెం సడలించింది. హింజ్ అయితే ఫొటోల మధ్య చిన్న ప్రశ్నలు పెట్టి జవాబులు రాయిస్తుంది, డిలీట్ చెయ్యడానికే తయారైన యాప్‌నని చెప్పుకుంటుంది. టిండర్, హింజ్ రెండూ మ్యాచ్ గ్రూప్‌వే. ఒకే యజమాని పక్కపక్కనే టిఫిన్ సెంటరూ, భోజన హోటలూ నడిపినట్టన్నమాట. తెలుగువాళ్ళ కోసమని ఐల్ అనే మన దేశపు కంపెనీ 2022లో 'నీతో' అనే యాప్ తెచ్చింది.

ఈ రెండు జాతుల మధ్య ప్రభుత్వం ఒక గీత కూడా గీసింది. 2016 జూన్‌లో కేంద్ర ఐటీ శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం పెళ్ళిసంబంధాల సైట్లు పెళ్ళికోసమేనని, డేటింగ్‌కి కాదని స్పష్టంగా చెప్పాలి. గీత గియ్యడం ప్రభుత్వానికి తేలికే. ఆ గీతకు ఏ పక్కన నిలబడాలో నాకే తెలియలేదు. కారణం నా బయోడేటాలో ఒక గడి.

నాకు ఒకసారి పెళ్ళయింది. 2018లో. విడాకులు 2021లో.

ఆ పెళ్ళి కుదిర్చింది నాకు మామ వరసయ్యే పెద్దమనిషి. "గల్ఫ్ అంటే వెనకాడతా ఉండారు. ఇంకో ఏడాదంతే, హైదరాబాదుకు వచ్చేస్తాడని చెప్పినా" అన్నాడు. నాకు అలాంటి ఆలోచన లేదు. నాన్న గుండె ఆపరేషన్‌కి చేసిన అప్పు తీరడానికే ఇంకా మూడేళ్ళు పట్టేట్టుంది. అయినా నోరు విప్పలేదు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు, ఇది ఒకటే కదా అనుకున్నాను. పెళ్ళిచూపుల రోజు మా ఇద్దర్నీ మేడమీద పది నిమిషాలు వదిలారు. ఆ అమ్మాయి సూటిగానే అడిగింది.

"ఎప్పుడు వచ్చేస్తారు?"

"చూస్తున్నానండీ" అన్నాను.

అబద్ధం ఆడలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్న మాట అది.

ఆమె హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం మానేసి గుదైబియాలో మా రెండు గదుల ఫ్లాట్‌కి వచ్చింది. నేను పొద్దున ఏడున్నరకు వెళ్తే రాత్రి ఎనిమిదికి వచ్చేవాణ్ణి, నెలాఖరైతే పదకొండు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పగటిపూట ఇక్కడ వీధిలో నడవలేం. ఆ వీధిలో ఆమెకు తెలిసిన ఒకే ఒక్క మనిషి కింద కోల్డ్ స్టోర్ నడిపే మలయాళీ చేట్టన్. ఇక్కడ చిల్లరకొట్టును కోల్డ్ స్టోర్ అంటారు. ఒకరోజు నాతో ఏదో చెబుతూ మధ్యలో ఒక మలయాళం మాట వాడింది. నేను నవ్వాను. నాతోకన్నా ఆ కొట్టతనితోనే ఎక్కువ మాట్లాడుతోందని అప్పుడు నాకు తట్టలేదు. ఏడాది దాటాక "వచ్చేస్తానన్నారు కదా" అంది. "చూస్తున్నాను" అన్నాను, మళ్ళీ అదే మాట.

2019 నవంబరులో వెళ్ళిపోయింది. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నాం. ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు. ఏడాది విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి అంటుంది హిందూ వివాహ చట్టంలోని 13బి. ఆ ఆగడమంతా కరోనా రోజుల్లో కలిసిపోయింది.

* * *

"ఎన్నాళ్ళు నాయనా ఒక్కడివే" అని అమ్మ మొదలుపెట్టాక, 2022లో ఒక పెళ్ళిసంబంధాల సైట్‌లో చేరాను. అక్కడ కులానికి, గోత్రానికి, నక్షత్రానికి, జీతానికి అన్నిటికీ గళ్ళున్నాయి. "కులం పట్టింపు లేదు" అని నొక్కాను. వారం తిరక్కుండా అమ్మ ఫోన్ చేసింది. "అది యెందుకు నొక్కినావు? మనోళ్ళు చూసి అడగతాండారు." మనోళ్ళు అందరూ అక్కడే ఉన్నారని నాకేం తెలుసు!

వైవాహిక స్థితి అనే గడి దగ్గర నాలుగు మాటలు ఉన్నాయి. "విడాకులు పొందినవారు" నొక్కాను. అప్పటిదాకా పేజీలకు పేజీలు కనిపించినవాళ్ళు ఒక పేజీలోకి సర్దుకున్నారు. ఆ మిగిలినవాళ్ళలో గల్ఫ్ అనగానే సగంమంది జారుకున్నారు. ప్యాకేజీ తీసుకోమని వారానికి రెండుసార్లు ఫోన్ చేసే ఒకావిడ ఉండేది. "సార్, దాన్ని 'పెళ్ళికాలేదు' అని మార్చుకోండి. ముందు మాటలు కలవనివ్వండి, తరవాత మెల్లగా చెప్పుకోవచ్చు" అని ఉచితంగా సలహా ఇచ్చింది. మా మామ గొంతే వినిపించింది నాకు. మార్చలేదు. ఆ మాత్రం బుద్ధి వచ్చింది అనుకుని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. ఆ గర్వం ఎంతకాలం నిలిచిందో చెప్తాను.

విసిగిపోయి డేటింగ్ యాపుల వైపు వచ్చాను. నేను పెట్టుకున్న యాపుల్లో ఆ గడే లేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎంత హాయిగా ఉందో!

మొదట్లోనే ఒకావిడ పరిచయమైంది. మనామాలోనే ఉంటానంది. రెండోరోజుకే "ఇది ఎక్కువ చూడను, టెలిగ్రామ్‌లోకి రండి" అంది. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి, తప్పకుండా "తిన్నారా?" అని. ఒంటరిగా ఉండేవాడికి ఆ ఒక్క మాట చాలు. మూడోవారంలో క్రిప్టో ట్రేడింగ్ సంగతి వచ్చింది, వాళ్ళ బాబాయి నేర్పించాడట. మొదట 300 దినార్లు పెట్టి చూడమంది, మన డబ్బులో అరవై వేల పైమాటే. ఫిషింగ్ మెయిళ్ళు ఎలా పట్టుకోవాలో ఆఫీసులో అందరికీ క్లాసు తీసుకునేది నేనే. ఆ నేను, డబ్బు పంపే స్క్రీన్ దాకా వెళ్ళాను. ఎందుకో ఆగి, ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడదాం అన్నాను. కెమెరా పాడైందంది. మర్నాటికి ఆ ఖాతా లేదు.

2024 మేలో ఒక వార్త చదివాను. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్ళను కంబోడియా తీసుకుపోయి, పాస్‌పోర్టులు లాక్కుని, వాళ్ళచేత ఆన్‌లైన్ మోసాలు చేయిస్తున్నారని విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ఆడపిల్లల పేర్లతో దొంగ ప్రొఫైళ్ళు పెట్టి మాటలు కలపడం అలాంటిచోట్ల చేయించే పనుల్లో ఒకటి. నన్ను రోజూ "తిన్నారా?" అని అడిగింది ఎవరో, ఎక్కడినుంచో నాకు తెలీదు. ఆ అడగడం మాత్రం మన ఇళ్ళల్లో అడిగినట్టే ఉండేది. వార్త చదివిన రాత్రి, పోనీ ఆ మనిషి తిన్నాడో లేదో అనిపించింది.

* * *

తరవాత ఒక టీచర్ పరిచయమైంది. విజయవాడ వైపు, ఇక్కడే ఒక స్కూల్లో లెక్కలు చెప్పేది. మనిషి నిజం, వీడియో కాల్‌లో మాట్లాడింది. ఆరువారాలు రోజూ మాట్లాడుకున్నాం. రెండుసార్లు కలిశాం. మూడోసారి అద్లియాలో ఒక కాఫీషాపులో కూర్చున్నప్పుడు, ఇంక ఆలస్యం చేస్తే బావుండదని నా పెళ్ళి సంగతి చెప్పాను.

ఆమె కప్పు కింద పెట్టింది. "ఇది మొదటిరోజే చెప్పుంటే నేను వచ్చేదాన్ని కాదేమో."

"అందుకే చెప్పలేదండీ."

"రావాలో వద్దో అనుకోవాల్సింది నేను కదండీ. అది కూడా మీరే అనుకున్నారు."

కోపంగా అనలేదు. పిల్లవాడికి లెక్కలో తప్పు చూపించినట్టు అంది. తన కాఫీకి తనే డబ్బులిచ్చి వెళ్ళింది. కారులో ఇంటికొస్తుంటే మేడమీద పది నిమిషాలు గుర్తొచ్చాయి. "చూస్తున్నానండీ." హైదరాబాదులో ఉద్యోగం ఉంచుకోవాలో, గల్ఫ్ వాణ్ణి చేసుకోవాలో అనుకోవాల్సింది ఆ అమ్మాయి. అది కూడా నేనే అనుకున్నాను. ఫోన్‌లో సలహా ఇచ్చినావిడ మాట వినలేదని గర్వపడ్డాను చూడండి, గడి లేనిచోట చేసింది అదే పని. గడి ఉన్నచోట నిజం చెప్పడం పెద్ద గొప్పేం కాదని అప్పుడు తెలిసింది.

ఇంజనీరింగ్‌లో 'స్టేబుల్ మ్యారేజ్ ప్రాబ్లమ్' అని ఒకటి చదువుకున్నాం. కొందరు అబ్బాయిలు, అంతేమంది అమ్మాయిలు. ఒక్కొక్కరికీ తమ ఇష్టాల వరస ఉంటుంది. ఏ ఇద్దరూ తమ జతల్ని వదిలేసి లేచిపోవాలనుకోనట్టుగా అందర్నీ కలపగలమా? కలపగలమని 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ దారి చూపించారు. ఆ దారిలోనే పనిచేసిన ఆల్విన్ రాత్‌కి, షాప్లీకి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. హింజ్ 2018లో మొదలుపెట్టిన సిఫార్సులకు కూడా ఈ లెక్కే ఆధారం. పరీక్షలో రాసి మరిచిపోయినదాన్ని మళ్ళీ తీసి చదివాను. రాత్ 1982లోనే తేల్చిన విషయం ఒకటి ఉంది. ఈ పద్ధతిలో ముందుగా అడిగే పక్షంవాళ్ళకు తమ ఇష్టాల గురించి అబద్ధం చెప్పి వచ్చే లాభం ఏమీ ఉండదట. నిజమే, లెక్కలో మనుషులకు గతం ఉండదు, అప్పులుండవు, చూపించడానికి ఇష్టాల వరస ఒక్కటే ఉంటుంది. అయినా ఆ మాట మా మామకు వినిపించాలనిపించింది. నాక్కూడా.

ఆ రాత్రే ఫోన్లో ఉన్న నాలుగు యాపుల్లో మూడు తీసేశాను. రాసుకోవడానికి చోటు ఉన్నది ఒకటి ఉంచాను. ప్రొఫైల్ తిరగరాద్దామని కూర్చున్నాను. ఇంగ్లీషులో అయితే 'డివోర్స్‌డ్, నో కిడ్స్' అని మూడు ముక్కల్లో అయిపోతుంది. చదివితే ఎవరి సంగతో రాసినట్టుంది. తెలుగులో మొదలుపెట్టాను. నేను టైపింగ్ ఎక్కడా నేర్చుకోలేదు, లేఖినిలో రెండు వేళ్ళతో కొట్టి కొట్టి వచ్చిందే. నాలుగు వాక్యాలకు గంట పట్టింది. తప్పు వేళ్ళది కాదు.

"ఒకసారి పెళ్ళయింది, విడిపోయాం. తప్పు సగం నాది. బహ్రెయిన్ వదిలి వెళ్ళే ఆలోచన ఇప్పట్లో లేదు. పప్పు బాగా చేస్తాను."

వారానికి నలుగురైదుగురు పలకరించేవాళ్ళు, నెలకు ఒకరూ అరా అయ్యారు. ఆ తరవాత వాళ్ళూ లేరు. నాలుగు నెలలు అలాగే గడిచాయి. పోయిన డిసెంబరులో ఒక మెసేజ్ వచ్చింది. తెలుగు లిపిలో, ఒకే మాట.

"సగమేనా?"

నవ్వొచ్చింది. తరవాత కోపమొచ్చింది. రెండురోజులు జవాబివ్వలేదు. మూడోరోజు మేడమీద సంగతి, కోల్డ్ స్టోర్ సంగతి, మొత్తం రాశాను. "ఇప్పుడు లెక్క సరిపోయింది" అని వచ్చింది.

* * *

ఇక్కడినుంచి రాస్తున్నది ఆమెకు చూపించాకే రాస్తున్నాను. ఆమెది నెల్లూరు. ఇక్కడ ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పని. యాప్ చూపించిన దూరం 2 కిలోమీటర్లు. అన్నేళ్ళుగా ఒకే లూలూలో కూరగాయలు కొంటున్నాం, మాకు తెలీదు. ఆమె ప్రొఫైల్‌లో మొదటి వాక్యం ఇది: "మా బాబుకి ఎనిమిదేళ్ళు, నెల్లూరులో మా అమ్మ దగ్గర ఉంటాడు. వాడి ఫొటో ఇక్కడ పెట్టను." వాళ్ళాయన 2021లో కరోనాతో పోయారు. ఆ మరుసటేడు ఆమె ఇక్కడికి వచ్చింది.

జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం బాబ్ అల్ బహ్రెయిన్ దగ్గర కలుసుకున్నాం. ఆ వెనక సందుల్లోనే సుమారు రెండు వందల ఏళ్ళనాటి శ్రీనాథ్‌జీ గుడి ఉంది. శుక్రవారం ఆ సందులన్నీ మన జనమే. గుడికి వెళ్ళాలని ఆమె అనలేదు, నేనూ అనలేదు. సూక్‌లో ఒక చాయ్ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. చలిగాలి. జీతాలు, నైట్ డ్యూటీలు, ఇంటి అద్దెలు అన్నీ అయ్యాక ఆమె అడిగింది.

"నేను ఇంకో రెండేళ్ళే ఇక్కడ. వాడికి పదేళ్ళొచ్చేసరికి నేను వాడి దగ్గరుండాలి. మీరు ఎప్పుడు వచ్చేస్తారు?"

అదే ప్రశ్న. ఎనిమిదేళ్ళ తరవాత, వేరే మనిషి నోట. "చూస్తున్నా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది ఎంత అలవాటైన మాటో అప్పుడు తెలిసింది. మింగేశాను.

"నేను రానండీ. కనీసం ఇంకో ఐదారేళ్ళు రాను. నాన్న అప్పయితే తీరింది. కానీ అక్కడ నాకు ఇంత జీతం రాదు. ఇంకొకటి కూడా ఉంది. నాకు ఇక్కడే బావుంటుంది."

ఆ చివరి మాట అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఇంటికోసమే ఇక్కడ కష్టపడుతున్నానని అందరూ అనుకుంటే అదో సుఖం.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. సందులోంచి మల్లెపూల వాసన వస్తోంది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్తే తప్పు పట్టడానికేమీ లేదు, వెళ్ళాలో వద్దో అనుకోవాల్సింది ఆమే. ఖాళీ గ్లాసు నా వైపు జరిపి, "ఇంకో చాయ్ చెప్పండి" అంది.

అప్పటినుంచి డ్యూటీ లేని శుక్రవారాలు కలుస్తున్నాం. బాబును ఇక్కడి ఇండియన్ స్కూల్లో వేస్తే వాళ్ళమ్మ ఒంటరైపోతుంది. వాళ్ళమ్మ ఇక్కడ ఉండలేదు. నేను ఇండియా నుంచి పనిచేస్తానంటే మా ఆఫీసు ఒప్పుకోదు, ఒప్పుకున్నా నాకే ఇష్టమో కాదో ఇంకా తేల్చుకోలేదు. ఒక్కో శుక్రవారం ఇది కుదిరేది కాదులెండి అనుకుని లేస్తాం. మళ్ళీ మంగళవారానికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. పెళ్ళవుతుందో లేదో చెప్పలేను. అవుతుందని రాస్తే ఈ పోస్టుకు ముగింపు బావుంటుంది, కానీ తెలియనిది తెలిసినట్టు చెప్పే పని మానేశాను.

అమ్మకు చెప్పాను. బాబు సంగతి కూడా చెప్పాను. మా రెండు దేశాల మధ్య రెండున్నర గంటల తేడా, అక్కడ అప్పటికే రాత్రి పది దాటింది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. లైన్ తెగిందేమో అని హలో హలో అన్నాను. "పిల్లోడు ఏం తింటాడు?" అని అడిగింది.

* * *

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు. నేను ఉంచుకున్న యాప్ పేరు చెప్పను. ఇక్కడ నాకు పనికొచ్చింది ఇంకో ఊళ్ళో ఖాళీగా ఉండొచ్చు. పేరుకు బదులు చూసుకోవాల్సినవి చెప్తాను. డబ్బు కట్టకముందు ఓ వారం ఊరికే చూడు, నీ భాషవాళ్ళు, ఆదివారం కూడా ఇక్కడే ఉండేవాళ్ళు ఎంతమంది ఉన్నారో. పదిమంది కూడా లేకపోతే ఎంత గొప్ప యాప్ అయినా దండగే. రెండోవారం లోపల వీడియో కాల్‌లో మొహం చూడు. మొహం చూపించని మనిషికి ఒక్క దినార్ కూడా పంపకు, ఎంత ప్రేమగా తిన్నావా అని అడిగినా సరే. నాలుగు యాపులు పెట్టుకుంటే నలుగురికీ నాలుగు రకాలుగా కనిపించాలనిపిస్తుంది, ఒకటే ఉంచుకో.

అన్నిటికన్నా ముందు, నువ్వు దాచిపెడదామనుకుంటున్న సంగతి ఒకటి ఉంటుంది కదా, అది రాయడానికి ఆ యాప్‌లో చోటుందా చూడు. చోటుంటే అది మంచి యాప్. అక్కడ దాన్ని రాస్తే నువ్వు సీరియస్.

ఇదంతా రాసి నిన్న వాడికి పంపాను. ఇవాళ చాయ్ దగ్గర కలిశాడు. చదివావా అన్నాను. చదివానన్నట్టు తలూపాడు. గ్లాసులోకి చూస్తూ కాసేపు కూర్చున్నాడు.

"అన్నా, మా అక్క పెండ్లికి తెచ్చిన అప్పు పదకొండు లక్షలుంది. గది గూడ రాయాల్నా?"

"నువ్వు ఏమనుకుంటున్నావు?"

చాయ్ అయిపోయేదాకా ఆలోచించాడు.

"రాస్తనన్నా. గని మొదటి లైన్‌ల కాదు. రెండో లైన్‌ల రాస్త."